సోలార్‌కి ఏ బ్యాటరీ పెట్టాలి: ట్యూబులరా, జెల్లా, లిథియమా?

కరెంటు లైను లేని పొలం ఇంటికో, ఊళ్లో అమ్మానాన్నలు ఉండే ఇంటికో సోలార్ పెట్టించాలనుకునేవాళ్లు ప్లేట్ల దగ్గర పెద్దగా తికమకపడరు. పేరున్న ఏ కంపెనీ ప్లేటు తీసుకున్నా పాతికేళ్ల పనితీరు వారంటీతో వస్తుంది, తేడాలు కొద్దిపాటివే. చిక్కంతా బ్యాటరీ దగ్గరే. ఒక షాపులో "ట్యూబులర్ వేసుకోండి సార్, ఎప్పట్నుంచో ఉన్నదే, ఢోకా లేదు" అంటారు. పక్క షాపులో "ఇంకా ఆ నీళ్ల బ్యాటరీలు ఎందుకండీ, లిథియం పెట్టేయండి" అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ ఇద్దరూ మిమ్మల్ని అడగని ప్రశ్న ఒకటుంది: మీ బ్యాటరీ రోజూ పూర్తిగా నిండుతుందా?

నా ఉద్దేశంలో ఎంపిక మొత్తం ఈ ప్రశ్న మీదే తిరుగుతుంది. ధర, వారంటీ, బ్రాండ్ అన్నీ దీని తర్వాతే. లైను కరెంటు ఉండి, కోత పెట్టినప్పుడు మాత్రమే బ్యాటరీ వాడే ఇంట్లో ఏది పెట్టినా రాత్రికి రాత్రి నిండిపోతుంది. లైనే లేని చోట దాన్ని నింపాల్సింది ఎండ ఒక్కటే. శ్రావణంలో ముసురు పట్టినా, కార్తీకంలో వాయుగుండం వచ్చి మూడు రోజులు మబ్బు కదలకపోయినా బ్యాటరీ సగం సగమే నిండుతుంది. ఆ సగం నిండటాన్ని ఏ బ్యాటరీ తట్టుకుంటుంది, ఏది తట్టుకోలేదు అన్నదే అసలు తేడా.

## అసలు ఆఫ్‌గ్రిడ్ అవసరమా?

ఆఫ్‌గ్రిడ్ అంటే లైనుతో సంబంధం లేకుండా పూర్తిగా ప్లేట్లు, బ్యాటరీ మీదే నడిచే సోలార్. బ్యాటరీ సంగతికి ముందు ఇది తేల్చుకోవాలి. చాలామంది అవసరం లేకుండానే బ్యాటరీకి డబ్బు పెడుతున్నారు.

ఆన్‌గ్రిడ్ అంటే లైనుకు కలిపిన సోలార్, ఇందులో బ్యాటరీ ఉండదు. పగలు మిగిలిన కరెంటు నెట్ మీటరు (ఇచ్చింది, తీసుకుంది రెండూ లెక్కించేది) గుండా లైనులోకి వెళ్తుంది, రాత్రి లైను నుంచి తీసుకుంటారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం సబ్సిడీ ఇలా లైనుకు కలిపిన ఇళ్లకే: 1 కిలోవాట్‌కు రూ.30,000, రెండుకు రూ.60,000, మూడు అంతకుమించి ఎంత పెట్టుకున్నా రూ.78,000. పూర్తి ఆఫ్‌గ్రిడ్‌కి ఇది వర్తించదు. అయితే ఆన్‌గ్రిడ్‌లో ఒక మెలిక ఉంది. లైనులో కరెంటు పోతే, పైన ఎండ కాస్తున్నా మీ సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కి మీ ఇంటి కరెంటు తగలకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆపేసుకుంటుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చి వెళ్లాక విశాఖలో చాలా ప్రాంతాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు బ్యాటరీ లేని సోలార్ వల్ల ఒక్క బల్బు కూడా వెలగదు.

హైబ్రిడ్ అంటే ఈ రెండూ కలిపింది. లైను ఉంటుంది, నెట్ మీటరు ఉంటుంది, చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. ప్లేట్లకు సబ్సిడీ వస్తుంది, బ్యాటరీకి రాదు. లైను ఉన్న ఇంట్లో కోతల బాధ ఉంటే ఇదే సరైన దారి.

పూర్తి ఆఫ్‌గ్రిడ్ నిజంగా అవసరమైనవాళ్లు తక్కువే. స్తంభాలు వేయించుకోవాలంటే లక్షలయ్యే పొలాలు, ఏజెన్సీలో కొండమీది గూడేలు, తోటల్లో కాపలా గదులు, లైను ఉన్నా నమ్ముకోలేని మారుమూల ఇళ్లు. ఇక తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడుతూ సున్నా బిల్లు అందుకుంటున్న ఇంటికి, బిల్లు తగ్గించుకోవడానికని ఆఫ్‌గ్రిడ్ పెట్టుకోవడంలో అర్థం లేదు. కోతల కోసమైతే మామూలు ఇన్వర్టర్, ఒక బ్యాటరీ చాలు.

## ముందు మీ ఇంటి లెక్క

షాపుకి వెళ్లకముందే ఒక కాగితం మీద ఇది రాసుకోండి. ఇది లేకుండా వెళ్తే షాపులో ఏ సైజు చెబితే అదే మీ సైజు అవుతుంది.

నలుగురుండే చిన్న ఇల్లు అనుకుందాం. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు నాలుగు, ఒక్కోటి 30 వాట్లు, రోజుకు 10 గంటలు: 1.2 యూనిట్లు. ఆరు ఎల్‌ఈడీ బల్బులు ఆరు గంటలు: 0.3. చిన్న ఫ్రిజ్: సుమారు 1 యూనిట్. టీవీ, మిక్సీ, ఫోన్లు, వైఫై అన్నీ కలిపి అర యూనిట్. మొత్తం 3 యూనిట్లు. అందులో పొద్దు గూకాక వాడేది దాదాపు 2.

ఇదే ఇంట్లో 75 వాట్ల పాత ఫ్యాన్లు ఉంటే ఫ్యాన్లకే 3 యూనిట్లు పోతాయి. అంటే ఫ్యాన్లు మార్చకుండా ఆఫ్‌గ్రిడ్‌కి వెళ్తే ప్లేట్లు, బ్యాటరీ రెండూ ఒకటిన్నర రెట్లు కొనాలి. ముందు ఫ్యాన్లు మార్చండి. మొత్తం వ్యవహారంలో రూపాయికి ఎక్కువ ఫలితం ఇచ్చే ఖర్చు అదే.

మన రెండు రాష్ట్రాల్లో 1 కిలోవాట్ ప్లేట్లు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్ల దాకా ఇస్తాయి. వానాకాలంలో అది 2, 2.5కు పడిపోతుంది, చిక్కటి ముసురులో 1 వచ్చినా గొప్పే. ఆఫ్‌గ్రిడ్‌కి సగటు లెక్క పనికిరాదు, వానాకాలం లెక్కే వేసుకోవాలి. బ్యాటరీలో, ఇన్వర్టర్‌లో పోయేది కలుపుకుంటే 3 యూనిట్ల వాడకానికి 4 యూనిట్లు తయారవ్వాలి. కాబట్టి 2 కిలోవాట్లు, అంటే 540 వాట్ల ప్లేట్లు నాలుగు. బ్యాటరీలో వాడుకోదగ్గ నిల్వ 4 యూనిట్ల చుట్టూ ఉంటే రాత్రి గడుస్తుంది, ఒక మబ్బు రోజు కూడా గడుస్తుంది.

డబ్బు సరిపోకపోతే ప్లేట్లు తగ్గించి బ్యాటరీ పెంచే పని మాత్రం చేయకండి. బోరులో నీళ్లు లేకుండా సంపు ఎంత పెద్దది కట్టినా ఏం లాభం? ప్లేట్లు కాస్త ఎక్కువగా ఉండి బ్యాటరీ చిన్నదైనా ఆ సిస్టమ్ ఏళ్ల తరబడి నడుస్తుంది. తలకిందులైతే బ్యాటరీ ఎన్నడూ నిండదు, తొందరగా పాడవుతుంది.

## దేన్ని చూసి ఎంచుకోవాలి

మొదటిది చెప్పాను: రోజూ నిండకపోతే ఏమవుతుంది. రెండోది వేడి. రోహిణి కార్తెలో రామగుండంలోనో రెంటచింతలలోనో రేకుల గది లోపల ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. లెడ్ యాసిడ్ బ్యాటరీకి (ట్యూబులర్, జెల్ రెండూ ఈ రకమే) 25 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఈ రంగంలో అందరూ వాడే లెక్క. కంపెనీ కాగితం మీద రాసే ఏళ్లు 25, 27 డిగ్రీల గదివి. మన గదులు అలా ఉండవు.

మూడోది, ఈరోజు చేతి నుంచి పోయే డబ్బు ఎంత, పదేళ్లలో మొత్తం పోయేది ఎంత. ఇవి రెండూ వేరు లెక్కలు. నాలుగోది, దాన్ని చూసుకునేది ఎవరు. నెలకోసారి మూత తీసి నీళ్లు చూడగల మనిషి ఇంట్లో ఉన్నాడా? ఐదోది, పాడైతే బాగుచేసేవాడు మీ మండల కేంద్రంలో దొరుకుతాడా.

పై ఇంటికి సరిపోయేలా మూడింటినీ పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది (ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్, దాన్ని వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి; ఎల్‌ఎఫ్‌పి అనేది లిథియంలో ఒక రకం):

| చూడాల్సింది | ట్యూబులర్ | జెల్ | లిథియం (ఎల్‌ఎఫ్‌పి) |
|---|---|---|---|
| ఎన్ని కావాలి | 12 వోల్టులవి, 150 ఏహెచ్, నాలుగు | అవే నాలుగు | 51.2 వోల్టులు, 100 ఏహెచ్, ఒకటి |
| పేరుకు నిల్వ | 7.2 యూనిట్లు | 7.2 యూనిట్లు | 5.1 యూనిట్లు |
| వాడదగ్గ నిల్వ | సగం, 3.6 | సగం, 3.6 | 80–90 శాతం, 4.1–4.6 |
| మొత్తం బరువు | 200 కిలోల పైన | దాదాపు అంతే | 50 కిలోల లోపు |
| 1 యూనిట్ తీయాలంటే పెట్టాల్సింది | 1.2 పైన | 1.15–1.2 | 1.05 |
| సగం సగం నిండితే | పాడవుతుంది | పాడవుతుంది | ఇబ్బంది లేదు |
| నీళ్లు | పోయాలి | అక్కర్లేదు | అక్కర్లేదు |
| రోజూ వాడితే మన వేడిలో ఆయుష్షు | 4–6 ఏళ్లు | 3–5 ఏళ్లు | 10 ఏళ్ల చుట్టూ |
| పాతది అమ్మితే | మంచి ధర | మంచి ధర | ఊళ్లలో దాదాపు ఏమీ రాదు |

## ట్యూబులర్

ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉండే ఎత్తయిన నీళ్ల బ్యాటరీయే ఇది. తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా ఫ్యాక్టరీ ఉండటం వల్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ మనకు పరాయి వస్తువు కాదు. ఏ ఊళ్లోనైనా డీలరు ఉంటాడు, ఛార్జింగ్ పెట్టేవాడు ఉంటాడు, పాతది తీసుకుని ధర తగ్గించేవాడు ఉంటాడు. ఓవర్‌లోడ్‌ని కాసేపు ఓర్చుకుంటుంది, మోటారు స్టార్టింగ్ దెబ్బ తట్టుకుంటుంది. ఇవి చిన్న సుగుణాలేం కావు.

కొనేటప్పుడు 'సి10' అని రాసి ఉన్నది చూసుకోండి, అంటే పది గంటల్లో ఖాళీ చేస్తే ఎంత ఇస్తుందో చెప్పే అంకె. అదే 150 ఏహెచ్ అంకె సి20 (ఇరవై గంటల) లెక్కన రాసి ఉంటే, పది గంటల్లో వాడినప్పుడు అంత రాదు. సోలార్‌కి అమ్మేవాటి మీద సి10 ఉండాలి, ఐఎస్ 16270 ప్రమాణం ఉంటే ఇంకా మంచిది. కారు బ్యాటరీ, లారీ బ్యాటరీ చవగ్గా వస్తుందని తెచ్చి పెట్టకండి. బండి స్టార్ట్ అవడానికి ఒక్క క్షణం పెద్ద కరెంటు ఇవ్వడానికి చేసినవి అవి. రాత్రంతా ఫ్యాన్ తిప్పితే కొద్ది నెలల్లోనే చేతులెత్తేస్తాయి.

దీని బలహీనత నిండే తీరులో ఉంది. మొదటి 80 శాతం చకచకా ఎక్కుతుంది. చివరి 20 శాతానికి మూడు నాలుగు గంటలు తీసుకుంటుంది, ఎంత ఎండ ఉన్నా తొందరపడదు. అంటే మధ్యాహ్నానికల్లా 80కి చేరితేనే సాయంత్రానికి నిండుతుంది. అలా నిండని రోజులు వరుసగా వస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి, నిల్వ శాశ్వతంగా తగ్గిపోతుంది. పైగా 150 ఏహెచ్ బ్యాటరీ 15–20 ఆంపియర్లకు మించి తీసుకోకూడదు. నాలుగింటి సెట్‌కి అది దాదాపు 1 కిలోవాట్. మబ్బుల మధ్య రెండు గంటలు ఎండ విచ్చుకుంటే మీ 2 కిలోవాట్ల ప్లేట్లు 4 యూనిట్లు ఇవ్వగలవు, ట్యూబులర్ అందులో సగమే పట్టుకుంటుంది.

లైను ఉన్న ఇంట్లో ఈ బాధ ఏదీ లేదు. సోలార్ నింపనిది లైను నింపుతుంది. అక్కడ ట్యూబులర్ ఆరేడేళ్లు వస్తుంది, చవక కూడా. అక్కడ నేను నిస్సంకోచంగా దీన్నే చెబుతాను.

## జెల్

మూసేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీ. యాసిడ్ ద్రవంగా కాకుండా జెల్‌గా ఉంటుంది, నీళ్లు పోసే పని లేదు, మామూలుగా వాయువు బయటికి రాదు, పడకగది పక్కన పెట్టినా ఇబ్బంది ఉండదు. కానీ వేడికి లోపల ఎండిపోతే మళ్లీ నీళ్లు పోయడానికి దారి లేదు. ఛార్జింగ్ వోల్టేజీ కాస్త ఎక్కువైనా దెబ్బతింటుంది. ట్యూబులర్ బలహీనతలన్నీ దీనికీ ఉన్నాయి, ధర మాత్రం ఎక్కువ. లిథియం ధరలు దిగొచ్చాక ఇళ్లకు దీన్ని కొనడానికి నాకు బలమైన కారణం కనిపించడం లేదు. వీధిదీపాలకో, టెలికం టవర్లకో వాడారంటే వాళ్ల అవసరం వేరు.

## లిథియం

లిథియంలో కూడా రకాలున్నాయి. ఇంటికి కావాల్సింది ఎల్‌ఎఫ్‌పి, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఫోన్లలో, కొన్ని స్కూటర్లలో ఉండే రకం కంటే ఇది వేడికి నిలకడగా ఉంటుంది, మంటలంటుకునే ప్రమాదం బాగా తక్కువ. బిల్లు మీద 'ఎల్‌ఎఫ్‌పి' అని రాయించుకోండి.

సగం నిండి వారం రోజులున్నా దీనికి ఏమీ కాదు. నిజం చెప్పాలంటే ఎప్పుడూ నూటికి నూరు నిండి ఉండటం కంటే మధ్యలో ఉండటమే దీనికి హాయి. 100 ఏహెచ్ ప్యాక్ 50 ఆంపియర్ల దాకా తీసుకోగలదు, అంటే 2.5 కిలోవాట్లు. ఇందాక చెప్పిన రెండు గంటల ఎండను మొత్తం మింగేస్తుంది. ముసురు రోజుల్లో ఆ రెండు గంటలే ఆ రాత్రి ఫ్యాన్లు తిరుగుతాయా లేదా అన్నది తేల్చేస్తాయి. ఆఫ్‌గ్రిడ్ ఇంటికి లిథియం మేలని నేను చెప్పడానికి మొదటి కారణం ఇది. ఆయుష్షు, బరువు, నీళ్లు పోయక్కర్లేకపోవడం దీని తర్వాతే.

ఇక చిక్కులు. లోపల బీఎంఎస్ అనే కంట్రోల్ బోర్డు ఉంటుంది. సెల్స్‌ని కాపాడేది అదే, పాడైతే మొత్తం బ్యాటరీని ఆపేసేది కూడా అదే. మండల కేంద్రంలో దాన్ని విప్పి చూసేవాడు ఇంకా దొరకడు. కాబట్టి వారంటీ ఎన్నేళ్లని అడగడం కంటే సర్వీస్ సెంటర్ ఎక్కడుందని, బోర్డు పోతే ఎన్ని రోజుల్లో మారుస్తారని అడగండి. ఆ జవాబు తడబడితే వేరే కంపెనీ చూసుకోండి.

ఇన్వర్టర్‌తో పొత్తు కుదరడం ఇంకో విషయం. ట్యూబులర్‌కి పెట్టిన పాత 48 వోల్టుల ఇన్వర్టర్‌కే లిథియం తగిలిస్తే, అది ఈక్వలైజేషన్ (సెల్స్ అన్నిటినీ సమం చేయడానికి కాసేపు ఎక్కువ వోల్టేజీతో నింపడం) అంటూ 60 వోల్టుల పైకి వెళ్లవచ్చు. 16 సెల్స్ ఉన్న ఎల్‌ఎఫ్‌పికి 56 వోల్టుల చుట్టూ ఆగిపోవాలి. అది దాటితే బీఎంఎస్ కట్ చేస్తుంది, ఇల్లు ఒక్కసారిగా చీకటవుతుంది. ఇన్వర్టర్‌లో లిథియం సెట్టింగ్ ఉండాలి, వీలైతే బ్యాటరీతో కేబుల్ ద్వారా మాట్లాడుకునేది తీసుకోవాలి.

పాత బండ్ల సెల్స్‌తో లోకల్‌గా కట్టి అమ్మే ప్యాక్‌లు సగం ధరకే దొరుకుతున్నాయి. దయచేసి వాటి జోలికి వెళ్లకండి. ఏ సెల్ ఎంత అరిగిందో కట్టినవాడికే తెలియదు, పిల్లలున్న ఇంట్లో ఆ రిస్క్ తీసుకోకూడదు.

చలి మాట కూడా చెప్పాలి. సున్నా డిగ్రీల కంటే కింద ఎల్‌ఎఫ్‌పిని ఛార్జ్ చేయకూడదు. మనకు దాదాపు ఎక్కడా ఆ సమస్య రాదు. లంబసింగి లాంటి చోట కూడా బ్యాటరీ గది లోపల ఉంటే చాలు.

## డబ్బు లెక్క

ధరలు ఊరిని బట్టి, నెలను బట్టి మారతాయి కాబట్టి అంకెల కంటే లెక్క వేసే పద్ధతి ముఖ్యం. ఉదాహరణకి ట్యూబులర్ ఒక్కోటి రూ.16,000 అనుకుందాం, నాలుగు రూ.64,000. లిథియం ప్యాక్ రూ.1,10,000 అనుకుందాం. ఈరోజు తేడా రూ.46,000.

పూర్తి ఆఫ్‌గ్రిడ్‌లో ట్యూబులర్ ఐదేళ్లకు మార్చాలి. పదేళ్లకు రెండు సెట్లు, రూ.1,28,000. పాతది ఇచ్చినప్పుడు వెనక్కి వచ్చేది తీసేసినా, నీళ్లు, ఆటో ఖర్చులు కలిపితే లిథియం దగ్గరికే వస్తుంది. అంటే పదేళ్ల ఖర్చు ఇంచుమించు సమానం, సౌకర్యం మాత్రం లిథియంలో ఎక్కువ. అదే లైను ఉన్న ఇంట్లో ట్యూబులర్ ఏడేళ్లు వస్తే, పైగా కోతలు రోజుకు గంటే ఉంటే, లిథియం మీద పెట్టిన అదనపు డబ్బు తిరిగి రాదు.

ఆ రూ.46,000 వడ్డీకి తేవాల్సి వస్తే లెక్క మళ్లీ మారుతుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి రూ.11,000. అలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లు ట్యూబులర్‌తో మొదలుపెట్టడమే మంచిది. కాకపోతే ఇన్వర్టర్ మాత్రం లిథియం సెట్టింగ్ ఉన్నది కొనండి, ఐదేళ్ల తర్వాత బ్యాటరీ ఒక్కటే మారిస్తే సరిపోతుంది.

## ఎవరికి ఏది

పొలంలో కాపురం ఉండే ఇల్లు, లైను లేదు: లిథియం. డబ్బు కుదరకపోతే ట్యూబులర్, కానీ ప్లేట్లు అర కిలోవాట్ అదనంగా వేయించుకోవాలి.

తోటలో కాపలా గది: రెండు బల్బులు, ఒక ఫ్యాన్, ఫోన్ ఛార్జింగ్. 12 వోల్టుల ట్యూబులర్ ఒకటి, ఒక ప్లేటు చాలు. దొంగల భయం ఉన్న చోట ఖరీదైన బ్యాటరీ పెట్టకండి.

కొండమీది గూడెం: ఇక్కడ మోసుకెళ్లే బరువే పెద్ద ప్రశ్న. యాభై కిలోలు దాటే ట్యూబులర్ ఒక్కోటి, యాసిడ్ ఒలకకుండా, రోడ్డు లేని దారిలో ఎక్కించడం మనుషులకు నరకం. డిస్టిల్డ్ వాటర్ కోసం కూడా సంతకు దిగాలి. లిథియం పెట్టాలి, పెట్టేటప్పుడు గూడెంలో ఒకరిద్దరు కుర్రాళ్లకు ఫ్యూజు మార్చడం, ఇన్వర్టర్ రీసెట్ చేయడం నేర్పించి రావాలి.

ఊళ్లో అమ్మానాన్నలు, పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో: హైబ్రిడ్, లిథియం. డెబ్బై ఏళ్ల నాన్న స్టూలు వేసుకుని యాసిడ్ బ్యాటరీలో నీళ్లు పోయాల్సిన పరిస్థితి పెట్టొద్దు. ఫోన్‌లో యాప్ ద్వారా బ్యాటరీ ఎంతుందో మీరు అక్కడి నుంచే చూడొచ్చు. ఊళ్లో పిలిస్తే వచ్చే ఎలక్ట్రీషియన్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి, యాప్ కంటే అది ముఖ్యం.

పట్టణంలో సొంత ఇల్లు, రోజుకు గంట రెండు గంటల కోత: సబ్సిడీతో ఆన్‌గ్రిడ్ వేయించుకుని, పక్కన మామూలు ఇన్వర్టర్‌కి ఒక ట్యూబులర్. తక్కువ ఖర్చులో పని అయిపోతుంది.

బోరు మోటారు, చేపల చెరువు: బ్యాటరీ మీద పెట్టొద్దు. పొలానికి నీళ్లు పగలే తోడుకోవచ్చు కాబట్టి ప్లేట్ల నుంచి నేరుగా నడిచే సోలార్ పంపు పెట్టాలి, కేంద్రం పీఎం కుసుమ్ పథకం తెచ్చింది కూడా ఇలాంటి పంపుల కోసమే. చెరువులో నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు రాత్రంతా తిరగాలి. 2 హెచ్‌పి (హార్స్‌పవర్) ఏరియేటర్లు నాలుగు కలిసి ఎనిమిది గంటలు తిరిగితే 48 యూనిట్లు, అంటే పైన చెప్పిన లిథియం ప్యాక్‌లు పది పైనే కావాలి. అక్కడ లైను, దానికి తోడు జనరేటరే ఇప్పటికి దారి. ఆక్సిజన్ పడిపోయిన రాత్రి బ్యాటరీ అయిపోతే పంట మొత్తం పోతుంది.

## బిగించేటప్పుడు పక్కనుండి చూడాల్సినవి

వాడకం 2 కిలోవాట్ల దాకా వెళ్తుందంటే 48 వోల్టుల సిస్టమే అడగండి. 3 కిలోవాట్లు 24 వోల్టుల మీద లాగితే తీగల్లో 125 ఆంపియర్లు దాటుతాయి, 48 మీద దాని సగం. తీగ సన్నగా ఉంటే జాయింట్లు కాలిపోతాయి.

ప్లేట్ల నుంచి వచ్చేది డీసీ. ఇంట్లో వాడే మామూలు ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్) అక్కడ పెడితే ఒప్పుకోకండి. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది, అందుకే స్విచ్ తెరిచినప్పుడు నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీలో సున్నా ఉండదు, ఆ మంట అలాగే నిలబడుతుంది. డీసీ ఎంసీబీ, బ్యాటరీకి డీసీ ఫ్యూజు, పిడుగుల నుంచి కాపాడే ఎస్‌పీడీ, విడిగా ఎర్తింగ్ కచ్చితంగా ఉండాలి. కొటేషన్‌లో వీటిని తీసేసి ధర తగ్గించేవాళ్ల దగ్గర కొనకండి.

ప్లేట్ల నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసే ఛార్జ్ కంట్రోలర్ ఎంపీపీటీ రకం అయి ఉండాలి. చవకరకం పీడబ్ల్యూఎం ఈ కాలపు పెద్ద ప్లేట్లతో సరిగ్గా జత కుదరదు, ప్లేటు శక్తిలో పెద్ద భాగం వృథా అవుతుంది. ప్లేట్లు దక్షిణం వైపు, 15 డిగ్రీల వాలులో. కోస్తాలో అయితే తుఫాను గాలికి లేవకుండా పునాది దిమ్మెలు, తుప్పు పట్టని గాల్వనైజ్డ్ స్ట్రక్చర్ వేయించండి. బ్యాటరీ గదికి గాలి ఆడాలి, ఎండ తగలకూడదు. ట్యూబులర్ ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దీపం, అగరుబత్తి, గ్యాస్ స్టవ్ అదే గదిలో వద్దు.

## ఆ తర్వాత చూసుకోవడం

ప్లేట్లు ఎండ ఎక్కకముందే, తెల్లవారుజామున కడగాలి. వేడెక్కిన అద్దం మీద చన్నీళ్లు పోయకూడదు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆరాక తెల్లటి మరకలు మిగులుతాయి, మెత్తటి గుడ్డతో తుడిచేయండి. కోతులున్న ఊళ్లలో ప్లేట్ల చుట్టూ మెష్ వేయించడం ఒక్కసారి ఖర్చే.

లిథియానికి ఏడాదికోసారి బోల్టులు బిగువుగా ఉన్నాయా, గది మరీ వేడిగా ఉందా అని చూస్తే చాలు.

ట్యూబులర్ మాత్రం మనిషిని అడుగుతుంది. నెలకోసారి మూతల మీది సూచికలు చూడండి, ఎరుపుకు దిగకముందే డిస్టిల్డ్ వాటర్ పోయండి. పోసేది బాగా ఛార్జ్ అయ్యాకే. ఆర్‌ఓ నీళ్లు, కుళాయి నీళ్లు వద్దు, యాసిడ్ అసలే వద్దు. టెర్మినల్స్ మీద తెల్లటి పొడి, పచ్చటి చిలుము పేరుకుంటే కనెక్షన్ తీసి, వేడి నీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక వాజలైన్ రాయండి. సోడా నీళ్లు సెల్ లోపలికి పోకుండా మూతలు బిగించి ఉంచండి.

మూడు నెలలకోసారి హైడ్రోమీటరుతో (యాసిడ్ చిక్కదనం కొలిచే గాజు గొట్టం) చూడటం అలవాటు చేసుకోండి. పెద్ద ఖరీదేం కాదు. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని, పూర్తిగా నిండిన బ్యాటరీ ఒక్కో మూత తీసి, రబ్బరు బుడ్డి నొక్కి వదిలితే యాసిడ్ గాజు గొట్టంలోకి ఎక్కుతుంది, లోపలి బిళ్ల తేలుతుంది. యాసిడ్ అంచు ఏ గీత దగ్గర ఉందో చూడండి. ట్యూబులర్‌కి 1.240 దగ్గర ఉండాలి. ఒక బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి, ఆరూ రాసుకోండి. ఐదింటిలో 1.240 ఉండి ఒకదానిలో 1.190 వస్తే ఆ సెల్ పోతోందన్నమాట. వోల్టు మీటరు ఇంకా బాగానే చూపిస్తుంది, రాత్రి రెండింటికి ఫ్యాన్ ఆగేదాకా మీకు తెలియదు. అన్నీ తక్కువగా ఉంటే మాత్రం అది సెల్ తప్పు కాదు, బ్యాటరీ రోజూ నిండటం లేదు. ప్లేట్ల మీద నీడ పడుతోందా, వాడకం పెరిగిందా చూసుకోండి.

నాలుగింటిలో ఒకటి ఏడాది లోపు పోతే దాన్నొక్కదాన్నే మార్చొచ్చు. మూడేళ్ల సెట్‌లో కొత్తది ఒకటి కలపకండి, పాత మూడూ దాన్ని కూడా తమ స్థాయికి లాగేస్తాయి. పాత బ్యాటరీలను డీలరుకే ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారీదారులు వాటిని తిరిగి సేకరించాల్సిందే, లిథియానికి కూడా అదే వర్తిస్తుంది. ఇంటి వెనక పగలగొట్టి సీసం తీసేవాళ్లకు మాత్రం అమ్మకండి. ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతుంది, ఆ యాసిడ్ బావి నీళ్లలోకి దిగుతుంది.